పీఐఆర్ సెన్సారా, ఎమ్ఎమ్‌వేవ్ సెన్సారా? బెజవాడ ఇళ్ళకి ఏది?

గదిలో మనిషుంటే లైటూ ఫ్యానూ వాటంతట అవే నడవాలంటే హబ్ (స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె) కన్నా ముందు సెన్సార్ సరిగ్గా ఎంచుకోవాలండి. పీఐఆర్ ఒంటి వేడి కదలికని పట్టుకుంటుంది, అంటే కదలకుండా కూర్చుని టీవీ చూస్తే దానికి మనం లేనట్టే, లైట్ ఆరిపోద్ది. పైగా మే నెలలో మన బెజవాడ ఎండలకి గది వేడి ఒంటి వేడి దగ్గరకొచ్చేస్తే ఆ తేడా దానికి సరిగ్గా తెలీదు, ఏసీ లేని హాల్లో మరీను.

ఎమ్ఎమ్‌వేవ్ చిన్న రాడార్, ఎక్కువగా 24 లేదా 60 గిగాహెర్ట్జ్, ఊపిరికి ఛాతీ కదిలినా చూసేస్తుంది, మధ్యాహ్నం కునుకు తీస్తున్నా ఫ్యాన్ ఆగదు. కాకపోతే మనకి ప్రతి గదిలో సీలింగ్ ఫ్యాన్ ఉంటది కదా, దాన్నీ ఊగే కర్టెన్‌నీ కూడా మనిషే అనుకోవచ్చు, అందుకే ఫ్యాన్ వైపు కాకుండా గోడకి పెట్టి, సెన్సిటివిటీ, దూరం తగ్గించుకోవాలి. పల్చటి చెక్క పార్టిషన్ అవతల మనిషినీ పట్టేస్తుంది, అది కూడా చూసుకోండి.

జిగ్‌బీ (తక్కువ కరెంటు వాడే వైర్‌లెస్ పద్ధతి) మీద నడిచే పీఐఆర్ బటన్ బ్యాటరీ మీద ఏడాది పైనే వస్తుంది. ఎమ్ఎమ్‌వేవ్‌కి చాలావరకు యూఎస్‌బీ కరెంటు కావాలి, ఇన్వర్టర్ లైన్లో ప్లగ్ చూసి పెట్టండి, హబ్ కూడా అక్కడే.

నన్నడిగితే మెట్లకీ వరండాకీ పీఐఆర్ చాలు. హాలుకీ బెడ్‌రూమ్‌కీ మాత్రం రెండూ పెట్టండి, హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లో లైట్ వేసేది పీఐఆర్, ఆరిపోకుండా నిలబెట్టేది ఎమ్ఎమ్‌వేవ్ అని రాసుకుంటే ఫ్యాన్ గాలికి లైట్లు ఊరికే వెలగవు.