సేఫ్టీ టిప్స్ యాప్: జపాన్‌లో మొదటి భూకంపానికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

జపాన్ పర్యాటక సంస్థ పర్యవేక్షణలో 2014 నుంచి నడుస్తున్న ఉచిత యాప్ ఇది. భూకంపం, సునామీ, అగ్నిపర్వతం, భారీ వర్షాల హెచ్చరికలు ఇంగ్లిష్‌లో వస్తాయి. నేపాలీ కూడా ఉంది గానీ తెలుగు, హిందీ లేవు. చదువుకో ఉద్యోగానికో జపాన్ వెళ్లి, నేల కదలడమంటే ఏమిటో ఎరగనివాళ్లు దిగిన రోజే వేసుకోవాలి. అయితే దీని అసలు ఉపయోగం ఊపు ఆగాకే. ఊపుకి ముందు సెకన్ల విషయంలో దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు.

ఎందుకంటే, భూకంపంలో ముందుగా వచ్చే పీ తరంగం సెకనుకు సుమారు 7 కి.మీ. పోతుంది, అసలు కుదుపు తెచ్చే ఎస్ తరంగం సుమారు 4 కి.మీ. హెచ్చరికకి దొరికే వ్యవధి ఆ తేడాలోంచే రావాలి. దూరాన్ని బట్టి కొన్ని సెకన్లు, మహా అయితే కొన్ని పదుల సెకన్లు. భూకంప కేంద్రం దగ్గర్లోనే ఉంటే ముందు ఊపు వస్తుంది, తర్వాత ఫోన్ మోగుతుంది. యాప్ నోటిఫికేషన్ ఇంటర్నెట్ మీదుగా రావాలి కాబట్టి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అక్కడ కొన్న ఫోన్లకి ఈ హెచ్చరిక టవర్ నుంచి నేరుగా, నెట్‌తో పని లేకుండా వస్తుంది. మనం వెంట తెచ్చుకున్న ఫోన్లలో కొన్నింటికి అది రాదు. యాప్ తప్పనిసరి అయ్యేది అలాంటి ఫోన్లున్నవాళ్లకే. సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్టులు ఆన్‌లో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఈ యాప్‌కి బ్యాటరీ పొదుపు తీసేయండి, లేకపోతే నోటిఫికేషన్లు నిద్రపోతాయి.

మోగిన ప్రతిసారీ ఊపు వస్తుందనీ లేదు. 2018 జనవరి 5న ఇబరాకి తీరంలో, తొయామాలో దాదాపు ఒకేసారి వచ్చిన రెండు భూకంపాలను హెచ్చరిక వ్యవస్థ ఒకటిగా లెక్కగట్టింది. టోక్యోలో ఫోన్లు హోరెత్తాయి, పెద్ద ఊపేమీ రాలేదు. అయినా మోగగానే బల్ల కిందికి దూరాల్సిందే. అది నిజమా కాదా అని యాప్ తెరిచి చదువుతూ కూర్చోకూడదు.

కొత్తవాళ్లు తికమకపడేది అంకెల దగ్గర. యాప్ పెద్దగా చూపించే అంకె మాగ్నిట్యూడ్ (భూకంపం మొత్తం ఎంత పెద్దదో చెప్పేది) కాదు, షిందో. అంటే మీరున్న చోట ఊపు ఎంత అని. 2011 భూకంపం మాగ్నిట్యూడ్ 9.0 ఒక్కటే, షిందో మాత్రం ఈశాన్య జపాన్‌లోని కురిహరాలో 7, టోక్యోలో 5 అప్పర్. షిందో 0 నుంచి 7 దాకా ఉంటుంది, 5కీ 6కీ లోయర్, అప్పర్ అని రెండేసి మెట్లు. 4 అంటే వేలాడే దీపాలు బాగా ఊగుతాయి, నిలకడ లేని వస్తువులు పడొచ్చు. 5 లోయర్‌కి అల్మరాలోంచి గిన్నెలు జారతాయి, ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది. 6 లోయర్‌లో నిలబడటం కష్టం, తలుపులు బిగుసుకుపోవచ్చు.

ఈ యాప్‌లో బాగా నచ్చేవి రెండు. ఒకటి, ఇప్పుడేం చేయాలో దారి చూపే ఫ్లోచార్ట్. రెండోది, స్థానికులకి చూపించి అడిగే జపనీస్ వాక్యాల కార్డులు. కరెంటు, నెట్ రెండూ పోయే రాత్రి కోసం ఆ కార్డులని ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇది ప్రధానంగా పర్యాటకుల యాప్ కాబట్టి, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి కావాల్సిన కొన్ని సంగతులు విడిగా నేర్చుకోవాలి. ముఖ్యంగా గ్యాస్. షిందో 5 స్థాయి ఊపు తగిలితే మీటర్ దానంతటదే గ్యాస్ ఆపేస్తుంది. స్టవ్ వెలగకపోతే పాడైందనుకోకండి. ముందు వాసన చూడండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చేయాలి. వాసన లేకపోతే స్టవ్, బయటి వాటర్ హీటర్ సహా అన్నీ కట్టేసి, మీటర్ మీది మూత తిప్పి తీసి, లోపలి బటన్‌ని దీపం వెలిగేదాకా గట్టిగా నొక్కి వదలాలి. ఆ తర్వాత సుమారు 3 నిమిషాలు గ్యాస్ వాడకూడదు. మీటర్ లీకేజీ పరీక్ష చేసుకునే సమయం అది. మధ్యలో స్టవ్ తిప్పితే దాన్నే లీకేజీ అనుకుని మళ్లీ ఆపేస్తుంది. దీపం మిణకడం ఆగితే వాడుకోవచ్చు. ఆగకపోతే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి.