తిరుపతి హారర్ కథల వర్క్‌షాప్: మొదటి రోజు గట్టిది, ముగింపుల పాఠమే తేలిపోయింది

హారర్ రాయాలనుకునే కొత్తవాళ్లకు తిరుపతిలో జరిగిన ఈ రెండు రోజుల వర్క్‌షాప్ పనికొస్తుంది, ముఖ్యంగా మొదటి రోజు. పాడుబడ్డ బంగళా, అమావాస్య, నక్కల ఊళ అన్నీ మొదటి గంటలోనే పక్కన పెట్టించారు. అలవాటైన చోట ఒక్కటి తేడాగా ఉంటే చాలన్నది వాళ్ల పద్ధతి. సరైన పద్ధతి.

దానికిచ్చిన అభ్యాసం అచ్చం తిరుపతిదే. బస్టాండు దగ్గర లాడ్జి గది. తలనీలాలిచ్చి వచ్చిన తండ్రి దగ్గరికి మూడేళ్ల పిల్లాడు పోడు. గుండు చూసి బెదిరాడని అందరూ నవ్వుతారు. తర్వాత భార్య ఆ గుండుకు గంధం పూస్తుంది. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడితే వేసిన కుట్ల మచ్చ కోసం ఆమె వేలు వెతుకుతుంది. తల నున్నగా ఉంటుంది. ఆమె గంధం పూయడం ఆపదు.

మొదటి తేడాకు మామూలు కారణం దొరికింది, రెండోదానికి దొరకలేదు. భయం అక్కడ పుట్టింది. అయితే మచ్చ సంగతి కల్యాణకట్టకు పోకముందే మాటల్లో మాటగా వచ్చి ఉండాలి. గంధం పూసేటప్పుడే చెబితే అప్పటికప్పుడు అతికించినట్టుంటుంది. 1,500 మాటల కథలో మొదటి 400 మామూలు సంసారానికి ఇమ్మన్నది ఇందుకే.

‘ఒక్కసారిగా’, ‘గుండె ఝల్లుమంది’, ‘వెన్నులో వణుకు’ లాంటివన్నీ కొట్టేయించారు. చాలా మంచి పని. పాత్ర భయపడిందని రాస్తే చదివేవాడు బయటే నిలబడతాడు. చేతులేం చేశాయో రాస్తే గదిలోకి వస్తాడు.

రెండో రోజు పట్టు సడలింది. నాట్యశాస్త్రం రాసిన భరతుడు భయానక రసానికి భయాన్ని, బీభత్స రసానికి జుగుప్సను, అంటే ఏవగింపును, స్థాయీభావాలుగా (మూలభావాలుగా) చెప్పాడు. ఇక్కడ ఆ రెండూ కలిసిపోయి, పొద్దున పూటంతా నెత్తురు, కుళ్లిన శవాల వర్ణనలతోనే గడిచింది. వాటితో ఏవగింపు పుడుతుంది. కానీ తలుపవతల ఏముందోనన్న బెదురు శవం కనబడగానే తీరిపోతుంది.

ముగింపులకు మిగిలింది అరగంటే. చాలామంది దెయ్యం పూర్వకథ మొత్తం చెప్పి ముగించారు, ఎవరూ దిద్దలేదు. లాడ్జి కథే చూడండి, వచ్చినవాడెవరో చెప్పేస్తే చప్పబడుతుంది. అసలు మనిషి ఎక్కడున్నాడో తేలకుండానే, ఆమె లైటు ఆర్పాల్సిన చోట ఆపాలి.

ఇచ్చిన కాగితాల్లో సంభాషణలన్నీ పత్రికల తెలుగే. చిత్తూరు వైపు పిల్లాడు “ఇతను మా నాన్న కాదు” అనడు, “మా నాయన కాదు ఈయప్ప” అంటాడు. ఆ మాట పడితేనే గది నిజమనిపిస్తుంది.

ఫీజుకు మొదటి రోజే న్యాయం చేసింది. చేరేవాళ్లు పూర్తయిన కథ ఒకటి ప్రింటు తీసుకెళ్లండి, భోజన విరామంలో అడిగితే విడిగా దిద్దుతారు. 1,500 మాటలు దాటితే మాత్రం చదవరు.