బ్రాడీపేట స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ‘యూస్ట్ టు’ పాఠం: బోర్డు మీద ఒక్క మాట మారిస్తే చాలు

గుంటూరు శంకర్ విలాస్ సెంటర్ దాటి బ్రాడీపేటలోకి అడుగుపెడితే స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఈ సమీక్ష వాటిలో ఒకదాని సాయంత్రం బ్యాచ్ గురించి, అందులోనూ ఒకే ఒక్క పాఠం గురించి. సంస్థ పేరు రాయడం లేదు. కోర్సు 45 రోజులు, రోజుకి గంట. అందులో నాలుగు రోజులు ‘యూస్ట్ టు’ (used to)కే ఇచ్చారు. రెండు ముక్కల మాటకి అన్ని రోజులెందుకని అడిగేవాళ్ళుంటారు. తెలుగువాళ్ళ నోట ఇది ఎన్ని రకాలుగా తప్పుతుందో తెలిసినవాళ్ళు మాత్రం నాలుగు రోజులూ అవసరమేనంటారు.

చిక్కంతా మొదటిరోజు బోర్డు మీదే ఉంది. మాస్టారు ‘యూస్ట్ టు = అలవాటు’ అని రాసి, కింద రెండు గీతలు గీస్తారు. పిల్లలు నోట్సులో దించుకుంటారు. ఆ తర్వాత వచ్చే తప్పుల్లో సగానికి పైగా ఈ గీతల దగ్గరే పుడతాయి. ‘నాకు రోజూ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళే అలవాటు ఉంది’ అనేదాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే, బోర్డుని నమ్ముకున్న విద్యార్థి ‘ఐ యూస్ట్ టు గో ఫర్ ఎ వాక్ ఎవ్రీ మార్నింగ్’ అంటాడు. దానికి అర్థం ‘ఒకప్పుడు వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు మానేశాను’ అని. ఇంటర్వ్యూలో ‘ఐ యూస్ట్ టు వర్క్ హార్డ్’ అంటే ‘అప్పట్లో కష్టపడేవాణ్ణి’ అని వినిపిస్తుంది. అభ్యర్థి చెప్పాలనుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు. ఇప్పటికీ ఉన్న అలవాటుకి మామూలు వర్తమానం సరిపోతుంది: ‘ఐ గో ఫర్ ఎ వాక్ ఎవ్రీ మార్నింగ్’. కావాలంటే ‘యూజువల్లీ’ చేర్చుకోవచ్చు. ఈ ‘యూజువల్లీ’ కూడా వినడానికి ‘యూస్ట్’కి దగ్గరగా ఉండటం గందరగోళానికి మరో కారణం.

నిజానికి ఈ పాఠం తెలుగువాళ్ళకి చాలా తేలిక కావాలి. మన క్రియలో దీనికి అచ్చంగా సరిపోయే రూపం సిద్ధంగా ఉంది. వెళ్ళేవాణ్ణి, తినేది, ఆడుకునేవాళ్ళం, ఉండేది. ఈ ‘-ఏవాణ్ణి, -ఏది, -ఏవాళ్ళం’ వచ్చినచోట ‘యూస్ట్ టు’ పెట్టి, వెనక క్రియని మార్చకుండా ఉంచితే వాక్యం సరిగ్గా కుదురుతుంది. ‘మేం కాలవలో ఈత కొట్టేవాళ్ళం’ అంటే ‘వియ్ యూస్ట్ టు స్విమ్ ఇన్ ద కెనాల్’. ‘విజయవాడని బెజవాడ అనేవాళ్ళు’ అంటే ‘విజయవాడ యూస్ట్ టు బి కాల్డ్ బెజవాడ’. కాదు అనడానికీ అదే జోడీ: ‘గోంగూర తినేవాణ్ణి కాదు’ అంటే ‘ఐ డిడ్‌న్ట్ యూస్ టు ఈట్ గోంగూర’. బోర్డు మీద ‘అలవాటు’ చెరిపేసి ‘వెళ్ళేవాణ్ణి’ అని రాస్తే మొదటిరోజు పాఠం పూర్తయినట్టే. మాస్టారు కూడా మూడోరోజు ఉదాహరణల్లో ఈ రూపాన్నే వాడారు. అది మొదటిరోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పై వాక్యంలోనే ఈ సూత్రం పనిచేయని చోటు కూడా ఉంది, గమనించండి. ‘చెప్పి ఉంటే బాగుండేది’, ‘నువ్వు ఫోన్ చేసుంటే వచ్చేవాణ్ణి’. ఇక్కడా ‘-ఏది, -ఏవాణ్ణి’ ఉన్నాయి గానీ అవి పాత అలవాట్లు కావు, జరగని పనులు. వీటికి ‘వుడ్ హ్యావ్’ కావాలి: ‘ఇఫ్ యూ హ్యాడ్ కాల్డ్, ఐ వుడ్ హ్యావ్ కమ్’. వాక్యం ముందుభాగంలో ‘చెప్పి ఉంటే’, ‘చేసుంటే’ లాంటిది కనిపిస్తే ‘యూస్ట్ టు’ జోలికి వెళ్ళకూడదు. క్లాసులో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

రెండోరోజు పాఠం మాత్రం చాలా బాగా చెప్పారు. ఫీజులో ఎక్కువ భాగం ఇక్కడే గిట్టుబాటవుతుంది. ‘యామ్, ఈజ్, ఆర్, వజ్’ ముందు చేరితే మాట అర్థమే మారిపోతుంది. అసలు ‘అలవాటు’ కూర్చోవలసింది ఇక్కడ. ‘ఐ యామ్ యూస్ట్ టు ద హీట్’ అంటే ‘ఈ ఎండ నాకు అలవాటే’. దీని వెనక వచ్చేది నామవాచకమైనా కావాలి, ‘-ఇంగ్’ ఉన్న క్రియైనా కావాలి. ఒక నోట్సులో ‘ఐ యామ్ యూస్ట్ టు స్పీక్ ఇన్ తెలుగు’ అని ఉంది. మాస్టారు దాన్ని కొట్టెయ్యలేదు. ‘టు’ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ‘స్పీక్ ఇన్ తెలుగు’ని అరచేత్తో మూసి, అక్కడ ‘ఇట్’ పెట్టి చదవమన్నారు. ‘ఐ యామ్ యూస్ట్ టు ఇట్’. సరిపోయింది. ‘ఇట్’ సరిపోయిన చోట క్రియకి ‘-ఇంగ్’ తగిలించాలి: ‘యూస్ట్ టు స్పీకింగ్’. అదే ‘యామ్’ లేకుండా ‘ఐ యూస్ట్ టు ఇట్’ అని చూస్తే వాక్యం నిలబడదు, కాబట్టి అక్కడ క్రియ మామూలుగా ఉండాలి. అరచేతితో చేసే ఈ పరీక్ష ‘లుక్ ఫార్వర్డ్ టు’కీ పనికొస్తుంది. ఈమెయిల్ చివర అందరూ తప్పు రాసే వాక్యం అదే. సరైనది ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’.

‘గెట్ యూస్ట్ టు’ని పది నిమిషాల్లో ముగించారు. అంతకన్నా అక్కర్లేదు కూడా. ‘అలవాటే’ అంటే ‘బీ’, ‘అలవాటు పడటం’ అంటే ‘గెట్’. ‘ఇట్ టుక్ మీ ఎ మంత్ టు గెట్ యూస్ట్ టు ద హాస్టల్ ఫుడ్’.

మూడోరోజు ఉచ్చారణ. ఈ విషయంలో తెలుగు లిపి మనకి గొప్ప సాయం. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కటే గానీ పలకడం రెండు రకాలు. అలవాటు చెప్పేటప్పుడు ‘యూస్ట్’, ‘స్’తో. వాడకం చెప్పేటప్పుడు ‘యూజ్డ్’, ‘జ్’తో. ‘గన్నీ బ్యాగ్స్ ఆర్ యూజ్డ్ టు ప్యాక్ చిల్లీస్’: మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టడానికి గోనెసంచులు వాడతారు. ఇక్కడ ‘టు’ తర్వాత ‘ప్యాక్’కి ‘-ఇంగ్’ రాదు, ఎందుకంటే ఇది ‘కట్టడానికి’ అనే అర్థం. సంస్థ ఇచ్చిన పుస్తకంలో తెలుగు లిపిలో రాసిన ఉచ్చారణ అన్నిచోట్లా ‘యూజ్డ్ టు’ అనే ఉంది. పుస్తకం చూసి ఇంట్లో చదువుకునేవాడికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఇది సరిదిద్దాల్సిన అచ్చుతప్పు.

పుస్తకంలో మరో తప్పు ప్రశ్న వాక్యాల్లో ఉంది. ‘డిడ్’ వచ్చాక ‘యూస్ట్’ స్పెల్లింగులో చివరి ‘డి’ అక్షరం పోవాలి. ‘డిడ్ యూ వెంట్’ అనం, ‘డిడ్ యూ గో’ అంటాం, ఇదీ అంతే. చెవికి తేడా తెలియదు, ఎందుకంటే ‘టు’లో ఉన్న ‘ట’ ముందరి ‘ట్’ని మింగేస్తుంది. అందుకే పలికేటప్పుడు దొరకని తప్పు రాతలో బయటపడుతుంది. పరీక్షకి చదివేవాళ్ళు చేత్తో రాసి చూసుకోవాలి.

నాలుగోరోజు వ్యవధి గురించి. ఈ పాఠానికి గుంటూరులోనే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్ర రాష్ట్రం హైకోర్టు 1954 నుంచి 1956 దాకా ఇక్కడ ఉండేది. ‘ద హైకోర్ట్ యూస్ట్ టు బి ఇన్ గుంటూరు’ సరైన వాక్యమే. కానీ ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని చెప్పగానే, ఎన్నేళ్ళు, ఎన్నిసార్లు అని లెక్క చెప్పగానే, ‘యూస్ట్ టు’ దిగిపోయి మామూలు భూతకాలం రావాలి: ‘ద హైకోర్ట్ వజ్ ఇన్ గుంటూరు ఫ్రమ్ 1954 టు 1956’. ‘ఐ యూస్ట్ టు లివ్ ఇన్ తెనాలి ఫర్ ఫైవ్ ఇయర్స్’ తప్పు, ‘ఐ లివ్డ్’ ఒప్పు. ‘వారానికి మూడుసార్లు’ అన్నది మాత్రం పర్వాలేదు, అది మొత్తం లెక్క కాదు గనక. పాత రోజుల కబుర్లలో ‘యూస్ట్ టు’ బదులు ‘వుడ్’ వాడొచ్చని కూడా చెప్పారు, నిజమే. అయితే అది చేసే పనులకే. ఉండటం, ఇష్టపడటం లాంటి స్థితులకి పనికిరాదన్న మాట కూడా చెప్పాల్సింది. ‘ద హైకోర్ట్ వుడ్ బి ఇన్ గుంటూరు’ అంటే ‘గుంటూరులో ఉండబోతోందని అప్పట్లో అన్నారు’ అనో ‘ఉంటుందేమో’ అనో అర్థం వస్తుంది.

రోజూ పది వాక్యాలు రాయించి ఎర్ర పెన్నుతో దిద్దడం ఈ క్లాసులో గట్టి అలవాటు, దానికి పూర్తి మార్కులు. పదింటిలో మీ ఇంటి గురించి మూడైనా ఉండాలన్న నియమం ఇంకా నచ్చింది, ఎందుకంటే పుస్తకం నుంచి దించడం అక్కడితో ఆగిపోతుంది. బ్యాచ్ నలభై దాటిన రోజు మాత్రం దిద్దడం జరగదు, చివరి బెంచీల నోట్సులు అలాగే వెనక్కి వస్తాయి. ఆరున్నరకి గాక ఆరింటికే వెళ్ళి ముందు వరసలో కూర్చోవడం మంచిది.

డిగ్రీ చివరి ఏడాదివాళ్ళకీ, తెలుగు మీడియంలో చదివి ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకీ ఈ క్లాసు పనికొస్తుంది. చేరే ముందు డెమోకి వెళ్ళి, ‘నేను రోజూ బస్సులో వస్తాను’, ‘నేను రోజూ బస్సులో వచ్చేవాణ్ణి’, ‘బస్సులో రావడం నాకు అలవాటే’ అన్న మూడు వాక్యాలూ ఇంగ్లీషులో చెప్పించుకోండి. ‘ఐ కమ్ బై బస్ ఎవ్రీ డే’, ‘ఐ యూస్ట్ టు కమ్ బై బస్ ఎవ్రీ డే’, ‘ఐ యామ్ యూస్ట్ టు కమింగ్ బై బస్’ అని మూడూ విడివిడిగా వస్తే ఫీజు కట్టొచ్చు.