‘స్పౌజ్ మినహాయింపు’ ఉందంటూ నర్సుల దగ్గర డబ్బు కట్టించుకుంటున్నారు, జాగ్రత్త

భర్త స్కిల్డ్ వర్కర్ వీసా మీద బ్రిటన్‌లో ఉంటే, డిపెండెంట్‌గా వెళ్లే నర్సుకు ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే ఆంగ్ల పరీక్షల్లో ఏదీ రాయకుండానే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఇప్పిస్తామని చెప్పి, హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ మా చెల్లెలి దగ్గర లక్ష రూపాయలకు పైగా కట్టించుకుంది. అలాంటి మినహాయింపు ఏదీ లేదు. ఇంకెవరూ ఇలా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

వాళ్ల మాట నమ్మబుద్ధి కావడానికి కారణం, అందులో కొంత నిజం ఉండడమే. చెల్లెలు డిపెండెంట్ వీసాకు దరఖాస్తు చేసినప్పుడు ఆంగ్ల పరీక్ష ఫలితం అడగలేదు. అయితే వీసా ఇచ్చేది బ్రిటన్ హోం శాఖ (హోం ఆఫీస్), నర్సుగా పనిచేయడానికి అర్హత నిర్ణయించేది కౌన్సిల్. ఒకరు అడగలేదని రెండోవారు వదిలిపెట్టరు. ఐరోపా సమాఖ్య పౌరుల జీవిత భాగస్వాములకు ఒకప్పుడు బ్రిటన్‌లో ఉన్న ప్రత్యేక హక్కులను కూడా వీళ్లు ఉదాహరణగా చూపుతున్నారు. ఆ ఏర్పాటు 2020 డిసెంబరు 31తో ముగిసింది, పైగా భర్త, భార్య ఇద్దరూ భారతీయులే అయిన కుటుంబానికి అది ఎన్నడూ వర్తించలేదు.

కౌన్సిల్ కోరేది ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో చదవడం, వినడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5; ఓఈటీలో అయితే మొదటి మూడింటిలో బి, రాయడంలో సి ప్లస్. బీఎస్సీ నర్సింగ్ ఇంగ్లిష్ మీడియంలో చదివామని కళాశాల ఇచ్చే ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఆంగ్లం అధిక సంఖ్యాకుల భాషగా ఉన్న దేశాల జాబితాలో భారత్ లేదు.

ఇక అసలు ప్రమాదం ఇక్కడుంది. 2023 ఫిబ్రవరిలో కౌన్సిల్ యజమాని ధ్రువీకరణ అనే మార్గాన్ని తెచ్చింది, అంటే పనిచేసే సంస్థ ఆ నర్సుకు ఆంగ్లం వచ్చని రాసిచ్చే లేఖ. గత రెండేళ్లలో కనీసం 12 నెలలు బ్రిటన్‌లోని ఆరోగ్య, సంరక్షణ సంస్థలో పనిచేసి ఉండి, నర్సింగ్ ఆంగ్లంలో చదివినవారికి, లేదా పరీక్షలో ఒక్క విభాగంలో స్వల్పంగా తప్పినవారికి అది ఉపయోగపడుతుంది. కేర్ అసిస్టెంట్‌గా పనిచేసే డిపెండెంట్లకు ఇది మంచి మార్గమే, కానీ అది పనిచేసి సంపాదించుకునే అర్హత తప్ప, భార్య లేదా భర్త అయినందుకు దక్కేది కాదు. మా చెల్లెలు నిలదీసినప్పుడు కన్సల్టెన్సీ వారు, అదనంగా చెల్లిస్తే ఒక కేర్ హోం నుంచి అలాంటి లేఖ తెప్పిస్తామన్నారు. దయచేసి దీనికి ఒప్పుకోకండి. తప్పుడు పత్రంతో దరఖాస్తు చేస్తే మీ నిజాయితీ మీదే విచారణ జరుగుతుంది. ఏళ్ల తరబడి చదివి సంపాదించిన వృత్తి చేజారిపోవచ్చు. నైజీరియాలోని ఇబాడాన్‌లో నర్సుల వృత్తి పరిజ్ఞానాన్ని పరీక్షించే కంప్యూటర్ పరీక్షా కేంద్రంలో ఫలితాలు అనుమానాస్పదంగా ఉన్నాయని తేలాక, 2023లో అక్కడ పరీక్ష రాసినవారందరి ఫలితాలనూ కౌన్సిల్ ప్రశ్నించిన సంగతి నర్సులకు తెలిసిందే.

డబ్బు కట్టే ముందు, మినహాయింపు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఏ పేజీలో ఉందో లిఖితపూర్వకంగా చూపమనండి. మా రసీదులో మినహాయింపు అనే మాటే లేదు, ‘డాక్యుమెంటేషన్ చార్జీలు’ అని మాత్రమే ఉంది. ఆ కారణం చూపే డబ్బు వెనక్కి ఇవ్వడం లేదు. ఇప్పటికే కట్టినవారు వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా ఉంచుకొని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.