పాత ర్యాలీ కారా, కొత్త సూపర్‌కారా?

వేలం హాల్లో రెండూ పక్కపక్కనే ఉంటే నేను ముందు ర్యాలీ కారు దగ్గరికే, అంటే ఇటలీ కంపెనీ లాన్సియా చేసిన స్ట్రాటోస్ దగ్గరికే వెళ్తాను. 1974 నుంచి 1976 దాకా వరసగా మూడేళ్లు లాన్సియాకు ప్రపంచ ర్యాలీ టైటిల్ తెచ్చిన మోడల్ అది. సీట్ల వెనకే ఫెరారీ డీనో వి6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్. తలుపు తెరిచి చూడండి, లోపలివైపు హెల్మెట్ పెట్టుకునేంత అర కనిపిస్తుంది. ఆ అర చూస్తేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ర్యాలీ కారులో పెయింట్ మెరుపు కన్నా కాగితాలు ముఖ్యం. ఛాసిస్ నంబరు, ఏ ర్యాలీలో ఎవరు నడిపారు, అప్పటి ఫొటోలు, అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. రాళ్లలో, బురదలో దెబ్బలు తిన్న బండ్లు కాబట్టి బాడీ మారి ఉండొచ్చు. స్ట్రాటోస్‌కు నకళ్లు కూడా చాలా ఉన్నాయి. కొనేవాళ్లకు అసలు టెన్షన్ ఇదే.

సూపర్‌కారుకు ఆ బాధ తక్కువ. ఎన్ని తయారయ్యాయో, ఎంత తిరిగిందో రికార్డు ఉంటుంది. 2016లో ఫెరారీ వాళ్ల హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న) సూపర్‌కారు లాఫెరారీలో 500వది వేలంలో 70 లక్షల డాలర్లు పలికింది. ఆ డబ్బు ఇటలీ భూకంప బాధితుల కోసం. కానీ సూపర్‌కారును తిప్పే కొద్దీ విలువ తగ్గుతుంది. అదే ర్యాలీ కారుకైతే, పాత పోటీలో పడ్డ సొట్ట కూడా చరిత్రే. పైగా ఇలాంటి సూపర్‌కారులోని హైబ్రిడ్ బ్యాటరీ గ్యారేజీలో ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. బిడ్ వేసే ముందు దాని పరిస్థితి తప్పకుండా అడగండి.