డాబా మీది ఏసీలకు ఎంపీసీబీ (మోటారును కాపాడే బ్రేకర్): ఐదు ఎండాకాలాల తర్వాత

హన్మకొండలో మాది చిన్న ఫంక్షన్ హాల్. డాబా మీద రెండు త్రీఫేజ్ డక్టబుల్ ఏసీలు ఉన్నాయి. కంప్రెసర్ ప్లేటు మీద 17 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. మొదట వాటికి సీ20 ఎంసీబీలు, అంటే సీ రకం, 20 ఆంపియర్ల మామూలు బ్రేకర్లు పెట్టారు. స్టార్టయ్యే క్షణంలో మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. సీ రకం బ్రేకరేమో తన రేటింగ్‌కి ఐదు రెట్లు దాటితే చాలు, ఎప్పుడైనా పడిపోవచ్చు. మాది సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకే పడేది.

"32 వేస్తే ఈ లొల్లే ఉండది సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్. వేయించాను. లొల్లి నిజంగానే పోయింది.

ఆ వానకాలం ఒక రాత్రి ఒక ఫేజ్ పోయింది. మిగిలిన రెండింటి మీద మోటారు నడుస్తూనే ఉంది. అలాంటప్పుడు కరెంటు దాదాపు 1.7 రెట్లు అవుతుంది, అంటే 29 ఆంపియర్లు. 32 బ్రేకర్‌కి అదొక లెక్కా? పొద్దున డాబా ఎక్కితే మోటారు చుట్ల వార్నిష్ కాలిన వాసన. బ్రేకర్ మీట మాత్రం ఆన్‌లోనే ఉంది. వైరును కాపాడటం దాని పని, మోటారును కాదు. స్టార్టింగ్ కరెంటును ఇంకా ఎక్కువ ఓర్చుకునే డీ రకం 20 ఆంపియర్లది వేసుకున్నా స్టార్టింగ్ బాధ తీరేదేమో గానీ, ఈ ముప్పు తప్పేది కాదు.

కంప్రెసర్ మార్చినప్పుడే ఎంపీసీబీ పెట్టించాను. 13 నుంచి 18 ఆంపియర్ల దాకా తిప్పే డయల్ ఉంటుంది, 17 దగ్గర పెట్టాం. ఫేజ్ పోతే కనిపెట్టి ఆపేస్తుంది. లో ఓల్టేజ్ కోసం ఓల్టేజ్ రిలే వేరుగా ఉంది. ఐదేళ్లలో ఫేజ్ పోయి రెండుసార్లు పడింది, రెండుసార్లూ మోటారుకు ఏమీ కాలేదు. ధర మాత్రం ఎంసీబీకి చాలా రెట్లు. రీసెట్ చేయాలంటే నడిపెళ్లిలో మనిషి డాబా ఎక్కాలి, అదో తిప్పలు.

రోహిణి కార్తెలో ఇంకో చిక్కొచ్చింది. పడమటి గోడకున్న ప్యానెల్లో బ్లోయర్ ఎంసీబీ మధ్యాహ్నం ఊరికే పడిపోయేది. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల వేడికి లెక్కగట్టింది, ఆ ఇనుప డబ్బా లోపల చెయ్యి పెట్టలేం. ప్యానెల్‌ను మెట్ల కిందికి మార్చాం. విప్పినప్పుడు చూస్తే ఒక టెర్మినల్ నల్లబడి ఉంది, స్క్రూ అరచుట్టు వదులు. అప్పటినుంచి మాఘమాసం పెళ్లిళ్లకు ముందు మెయిన్ ఆఫ్ చేయించి, అన్ని స్క్రూలూ నా కళ్లముందే బిగింపిస్తున్నాను.