జప్తు ఇల్లు, 14 ఏళ్ల వాడకం: పైకప్పు కొత్తది, నేలకింద గొట్టం పాతది

అమెరికాలో జప్తయి ఖాళీగా పడిన ఇళ్లని బాగుచేయించడానికి కేంద్రం ఇచ్చిన ఎన్‌ఎస్‌పీ డబ్బుతో సిటీ (నగరపాలక సంస్థ) బాగుచేయించి 2011లో అమ్మిన ఇల్లు ఇది. కొనేవాళ్ల ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 120 శాతం దాటకూడదు, 8 గంటల కౌన్సెలింగ్ క్లాసుకి కూర్చోవాలి వగైరా షరతులున్నాయి. ఆ జోలికి పోను. గొడవంతా ఇంటి నుంచి వీధి మెయిన్ దాకా పోయే మురుగు గొట్టంతోనే.

1950ల నాటి ఇల్లు కాబట్టి గొట్టం నాలుగంగుళాల కాల్చిన మట్టిది. రెండు మూడడుగుల ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వేసేవాళ్లు. తడి వాసన తగిలితే చాలు, చెట్టు వేరు ఏ అతుకులోనైనా దూరిపోతుంది. ముందు వాకిట్లో సిల్వర్ మేపుల్ ఉంటే ఇక చెప్పేదేముంది. పైగా జప్తయ్యాక ఏడాదిన్నర ఖాళీగా పడి ఉన్న ఇల్లు. నీళ్లు పారకపోవడంతో గొట్టంలో బురద గట్టిపడింది, వేళ్లకి అదే పట్టు.

బాగుచేయించినప్పుడు ఎందుకు చూడలేదంటే, స్కోప్ ఆఫ్ వర్క్ (చేయాల్సిన పనుల జాబితా) రాసే నాటికి నీళ్ల కనెక్షన్ తీసేసి ఉంది. కుళాయి తిప్పి చూసే వీలే లేదు. కంటికి కనబడినవన్నీ రాశారు: రూఫు, కిటికీలు, ఇల్లు వేడిచేసే ఫర్నేసు, వాటర్ హీటర్, దొంగలు కోసుకుపోయిన రాగి పైపుల బదులు పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులు, సీసం రంగు తీసేశాక సీసం ధూళి మిగల్లేదని తేల్చే క్లియరెన్స్ పరీక్ష. ఆ పనులు నిజంగానే గట్టిగా చేశారు, రూఫు ఈనాటికీ కారలేదు. పైన పటారం లోన లొటారం అనేస్తే అన్యాయమే.

గొట్టం మూసుకుపోతోందని ముందే తెలుస్తుంది, పట్టించుకుంటే. వాషింగ్ మెషీన్ నీళ్లు వదలగానే బేస్‌మెంట్ ఫ్లోర్ డ్రెయిన్‌లో గుడగుడమంటుంది. టాయిలెట్‌లో నీళ్లు కాస్త పైకి లేచి దిగుతాయి. తెల్లారేసరికి డ్రెయిన్ జాలీ చుట్టూ నల్లటి వలయం. ఇక్కడ ఇవన్నీ కనబడ్డాక, మూడో చలికాలం జనవరిలో ఒక రాత్రి బేస్‌మెంట్ నిండా అంగుళం మురుగు. హై ఎఫిషియెన్సీ ఫర్నేసులో ఊరే నీళ్లు బయటికి పోయే కండెన్సేట్ ట్యూబు కూడా ఆ డ్రెయిన్‌లోకే. ట్యూబు కొస మురుగులో మునిగి నీళ్లు వెనక్కి నిలవడంతో రక్షణ కోసం పెట్టిన ప్రెషర్ స్విచ్ ఆఫయి ఫర్నేసు ఆగిపోయింది. అంత మెచ్చుకున్న ఫర్నేసు!

ఏడాది వారంటీ ఎప్పుడో తీరింది. తీరకపోయినా అది చేసిన పనికే, స్కోప్‌లో లేని గొట్టానికి కాదు. సీవర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (మురుగు వెనక్కి తన్నినప్పటి నష్టానికి అదనపు కవరేజీ) విడిగా కొనకపోతే మామూలు ఇంటి ఇన్సూరెన్సూ ఇవ్వదు.

మొదటిసారి గొట్టంలోకి దింపి తిప్పే కేబుల్ కట్టర్‌తో వేళ్లు కోయిస్తే ఎనిమిది నెలలు నడిచింది. కేబుల్ పని క్షవరంలాంటిది, మళ్లీ మొలుస్తాయి. రెండోసారి కెమెరా దింపితే 38 అడుగుల దగ్గర వేళ్ల కుచ్చు, 46 దగ్గర గొట్టం కుంగి నీళ్లు నిలిచిన చోటు కనబడ్డాయి. తవ్వకుండా పాత గొట్టం లోపలే కొత్త పొర (లైనింగ్) వేయించుకోమన్నారు. వేళ్లకైతే అది చాలు. కుంగిన చోట మాత్రం లైనింగూ అదే వంపులో కూర్చుంటుంది, నీళ్లు మళ్లీ నిలుస్తాయి. చివరికి తవ్వి, మురుగు లైన్లకి వాడే ఎస్‌డీఆర్ 35 పీవీసీ గొట్టం, అడుగుకి పావంగుళం వాలు, ఇంటి బయట రెండువైపులా కేబుల్ దింపగలిగే క్లీనవుట్ (శుభ్రం చేసే ద్వారం). పర్మిట్, ఫుట్‌పాత్ కాంక్రీటు మళ్లీ పోయించడం అదనం.

అసలు మంట ఇక్కడ. ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు లోను కాక సిటీ ఇచ్చిన రెండో లోనుకి వడ్డీ లేదు, నెలనెలా కట్టేది లేదు, ఏడాదికి పదిహేనో వంతు మాఫీ. దానంత మంచి లోను లేదని ఇన్నాళ్లూ అందరికీ చెప్పడమే. ఈ తవ్వకానికి ఇంటి మీద అప్పు తీసుకోబోతే, ఆ లోను కింద ఇంటి మీద సిటీకి హక్కు (లీన్) ఉండగా వాళ్ల అనుమతి లేకుండా బ్యాంకు కదల్లేదు. ఇంటి మీద నగదు తీసే అప్పులకి అనుమతి ఇవ్వబోమంది సిటీ. పాత లోను మార్చుకునే మామూలు రీఫైనాన్సుకైతే, కొత్త అప్పు తర్వాతే తమ హక్కు అని ఒప్పుకునే సబార్డినేషన్ ఉత్తరం ఇస్తారు, వారాలు పడుతుంది. ఈక్విటీ (అప్పులు పోను ఇంట్లో మన వాటా) కాగితం మీద ఉంటుంది, చేతికి అందదు.

ఎన్‌ఎస్‌పీ విడతలు అయిపోయినా ల్యాండ్ బ్యాంకులు (ఖాళీ ఇళ్లు సేకరించి అమ్మే సంస్థలు), హోమ్ అనే కేంద్ర గృహ పథకం నిధులతో ఇలాంటి ఇళ్లు ఇంకా అమ్ముతున్నారు. కొనేవాళ్లు సంతకానికి ముందు నీళ్లు ఆన్ చేయించి, గొట్టం మెయిన్‌లో కలిసేదాకా కెమెరా వీడియో అడగండి. రెండు మూడు వందల డాలర్ల పని. సబార్డినేషన్ నిబంధనలు రాతపూర్వకంగా తీసుకోండి. గొట్టం పాతదైతే దాన్ని స్కోప్‌లో చేర్చమనండి. క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే సంతకాలు) అయ్యాక ఎవరూ వినరు.

అదే వీధిలో ఉండిపోయేవాళ్లకి, చేతిలో ఆరేడు వేల డాలర్లు పక్కన పెట్టుకోగలిగినవాళ్లకి ఈ పద్ధతి లాభమే. అద్దె లెక్కేస్తే గొట్టం ఖర్చు కలిపినా ఇక్కడ మిగులే. నాలుగేళ్లలో ఉద్యోగం కోసం ఊరు మారేవాళ్లయితే మాఫీ కాని భాగం అమ్మకం డబ్బులోంచి సిటీ తీసుకుంటుంది, అప్పుడు లెక్క వేరు.